షోర్ పవర్, చల్లటి ఇస్త్రీ

మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. కొత్తవాళ్ళు వింటే గొడవ పడుతున్నామనుకుంటారు. టాటానగర్‌లో సోనారి పేట మాది, మా వీధి చివర పాల ప్యాకెట్లు అమ్మే ఆవిడ ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "బేటీ, ఘర్ మే సబ్ ఠీక్ హై నా?" అని అడిగింది కూడా. అంతా బాగానే ఉంది ఆంటీ, మా నాన్నకి చెవులు వినపడవు, అంతే అని చెప్పాను. అదీ గట్టిగానే చెప్పి ఉంటాను, ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

నాన్న ముప్పై ఏళ్ళు జనరేటర్ షెడ్డులో పనిచేశాడు. పెద్ద పెద్ద డీజిల్ జనరేటర్లు అద్దెకిచ్చే ఒక కాంట్రాక్టరు దగ్గర. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళేవాడు. సాయంత్రం తీసి చూస్తే ఆ దూది నల్లగా ఉండేది. చప్పుడంతా దూదికే అంటుకుందని, చెవులకేం కాలేదని ఆయన ధైర్యం. చెవులు మాత్రం మెల్లమెల్లగా వెళ్ళిపోయాయి. ఇప్పుడు మా ఇంటి మీదుగా చిన్న విమానం సోనారి ఎయిర్‌పోర్టులో దిగుతుంటే వీధి పిల్లలందరూ పైకి చూస్తారు. నాన్న ఒక్కడే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కిందికి చూస్తుంటాడు. నేను భుజం తట్టి వేలు పైకి చూపిస్తే అప్పుడు తలెత్తి, "ఎల్లిపోనాదా?" అంటాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తెలివితక్కువ పనికి మూలం ఇక్కడుంది. మా ఆయన కూడా అలాంటి షెడ్డులోనే ఎలక్ట్రీషియన్. మా ఆయనంటే మేనత్త కొడుకే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బావా అని పిలిచినవాడు. పెళ్ళయ్యాక 'ఏమండీ' అందామని రెండు రోజులు ప్రయత్నించాను, మూడో రోజుకి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. బావ ఐటీఐ చదివాడు. లావు కేబుళ్ళు అతకడంలో మంచి చెయ్యి అంటారు. నేను పదో తరగతి, అదీ హిందీ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ గోడ మీద క్యాలెండర్ చూపించి నేర్పింది. బిష్టుపూర్‌లో ఒక జిరాక్స్ షాపులో కూర్చుంటాను, కాపీలు తీస్తాను, వచ్చినవాళ్ళకి ఫారాలు నింపిపెడతాను. ఇంగ్లీషు చకచకా టైపు చేస్తాను, అర్థం మాత్రం అడక్కండి. మా షాపులో అర్థం ఎవరికీ అక్కర్లేదు, స్పెల్లింగ్ ఉంటే చాలు.

కొన్నాళ్ళుగా బావ టీవీ సౌండు పెంచుతున్నాడు. నాన్న కోసమేమో అనుకుని నేను పట్టించుకోలేదు. ఒక ఆదివారం నాన్న కద్మాలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళాడు. ఆ రోజు కూడా టీవీ అంతే సౌండులో ఉంది.

"బావా, తక్కువ సెయ్యి."

"తక్కువే ఉంది కదే!"

నాన్న కూడా మొదట్లో అచ్చం ఇదే మాట అనేవాడని అమ్మ చెప్పేది.

ఆ రోజుల్లోనే బావ, పోర్టులో పని వచ్చేలా ఉందన్నాడు. ఒడిశా వైపు సముద్రం ఒడ్డున ఒక పెద్ద పోర్టు. మావైపు ఇనుము, బొగ్గు ఓడలెక్కడానికి అటే వెళ్తాయి. ఏం పని అంటే "కరెంటు పనే" అన్నాడు. ఇంకా అడిగితే, "ముందు ఫోన్ రానీయే, అప్పుడు సెప్తాను" అన్నాడు. షెడ్డులో అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుకి అయిపోతోంది, మళ్ళీ పెట్టుకుంటారో లేదో తెలీదు. ఆ ఫోన్ ఎంత ముఖ్యమంటే, స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా దాన్ని తలుపు దగ్గర స్టూలు మీద పెట్టుకుని వెళ్ళేవాడు.

సరిగ్గా అతను స్నానంలో ఉండగానే వచ్చింది. నేను ఎత్తాను.

"నమస్తే భాభీజీ," అన్నాడు అవతల సూపర్‌వైజర్. "భయ్యా కో బోలియే, పోర్ట్ మే షోర్ పవర్ కా కామ్ హై. దో సాల్ పక్కా."

షోర్ పవర్! మా ఊళ్ళో షోర్ అంటే ఒకటే అర్థం. బడిలో టీచర్లు రోజంతా బల్ల గుద్ది 'షోర్ మత్ కరో' అని అరిచేవాళ్ళు. షోర్ అంటే గోల, చప్పుడు. అంటే చప్పుడు పవర్ పని, అదీ రెండేళ్ళు పక్కా.

"కిత్‌నా షోర్?" అన్నాను. చప్పుడు ఎంత ఉంటుందని నా ప్రశ్న.

"జీ?"

"షోర్ కిత్‌నా హోగా భయ్యా?"

అతను పాపం కాసేపు ఆలోచించి, "అరే భాభీజీ, బహుత్ పవర్! గ్యారహ్ హజార్ వోల్ట్! పూరా జహాజ్ చలేగా!" అన్నాడు గర్వంగా.

పదకొండు వేల వోల్టుల చప్పుడు. మొత్తం ఓడంతా దాంతోనే నడుస్తుందట. నా కళ్ళ ముందు నాన్న, ఆ నల్లటి దూది, తలెత్తి చూడని విమానం, అన్నీ ఒక్కసారి తిరిగాయి.

"నహీ జాయేంగే," అనేశాను. వెళ్ళరు. "షోర్ కా కామ్ నహీ చాహియే. ఘర్ మే ఏక్ ఆద్మీ కా కాన్ ఖరాబ్ హో గయా, బస్ హై." ఇంట్లో ఒక మనిషికి చెవులు పోయాయి, ఇక చాలు అని.

"కాన్? కిస్‌కా కాన్?" అంటున్నాడు అతను. నేను పెట్టేశాను. పెట్టేసి, ఆ నంబరు ఫోన్‌లోంచి తీసేశాను. ఎందుకు తీసేశానో ఈ రోజుకీ చెప్పలేను. మంచి పని చేశాననుకున్న మనిషి నంబర్లు తీసేస్తుందా?

బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఫోన్ మోగినట్టుంది?"

"లేదు బావా."

"మోగినట్టే ఇనపడిందే."

"నువ్వు నీళ్ళ సప్పుడులో ఏటి ఇన్నావో."

అతను నా ముఖం వైపు కాసేపు చూశాడు. తర్వాత తలొంచి, చెవిలో వేలు పెట్టి గట్టిగా కదిపి, నీళ్ళున్నాయేమో చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇల్లు ఎలా ఉందో చెప్పడం కష్టం. బావ ఫోన్ చేతిలో పెట్టుకుని తిరిగేవాడు. అది మోగకుండానే తీసి చూసేవాడు. ఒకసారి నన్ను వేరే గదిలో నిలబెట్టి, "నా నంబర్‌కి ఫోన్ సెయ్యి, మోగుతాదో లేదో సూత్తాను" అన్నాడు. మోగింది. అతను తల ఊపాడు గానీ ముఖంలో మాత్రం నమ్మకం లేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెప్తే ఆ పనికి వెళ్ళిపోతాడు, వెళ్తే చెవులు పోతాయి. చెప్పకపోతే నెలాఖరుకి ఏ పనీ లేదు. రెండిట్లో ఏది మంచిదో తేల్చుకోలేక పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. నాన్న తిని, "ఇదేటే, సముద్రం తెచ్చి పోసీసినావా?" అన్నాడు. సముద్రం అనే మాటకే నేను ఉలిక్కిపడ్డాను.

ఐదో రోజు పొద్దున్న బావ నా చేతిలో కొన్ని కాగితాలు పెట్టాడు. "ఫోన్ రాలేదు. రేపు నేనే ఎల్లి ఆళ్ళ ఆఫీసులో అడుగుతాను. ఇయ్యి జిరాక్స్ తీసి పట్రా." ఐటీఐ సర్టిఫికెట్లు, వాటి అడుగున ఆ పని గురించిన ఇంగ్లీషు కాగితం ఒకటి.

షాపులో మిషను వేడెక్కే లోపల ఆ కాగితం చదివాను. పైన పెద్దక్షరాల్లో 'కోల్డ్ ఐరనింగ్' అని ఉంది. ఐరనింగ్ అంటే ఇస్త్రీ. కోల్డ్ అంటే చల్లని. కింద వాక్యంలో 'వెసల్స్' అని ఉంది. వెసల్స్ అంటే తెలియకపోవడమేమిటి, పెళ్ళికి అందరూ ఇచ్చే స్టీలు గిన్నెలు. ఆ పక్కనే 'బెర్త్'. టాటానగర్ స్టేషన్ దగ్గర పుట్టి పెరిగినదాన్ని, బెర్త్ నాకు కొత్తా? ఇంకా కింద 'గ్రీన్‌హౌస్' అని ఉంది. బడిలో ఆటల పోటీలకి మమ్మల్ని నాలుగు హౌసులుగా విడగొట్టేవాళ్ళు, నేను గ్రీన్ హౌసే. ఓడిపోయేవాళ్ళం. చివర 'గ్యాస్'. మొత్తం కలిపితే ఏమైందంటే, బెర్తు మీద పెట్టిన గిన్నెలకి చల్లటి ఇస్త్రీ చెయ్యాలి, గ్యాసు తగ్గించాలి, ఇందులో గ్రీన్ హౌస్ పిల్లలకి ఏదో సంబంధం ఉంది.

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ గిన్నెలే.

అప్పుడు నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇది మోసం! ఫోన్‌లో చప్పుడు పని అంటారు, కాగితంలో ఇస్త్రీ పని అంటారు. బావని ఎవరో వెర్రివాణ్ణి చేస్తున్నారు. నేను ఆ ఫోన్ పెట్టెయ్యడమే మంచిదయింది! కాపీలున్న సంచి ఊపుకుంటూ, ఆటోలో పక్కావిడకి కూడా ఈ సంగతి చెప్పుకుంటూ ఇంటికొచ్చాను.

"బావా, ఆ పని ఒగ్గెయ్. అదంతా ఫ్రాడ్," అన్నాను గుమ్మంలోనే.

"ఏటి ఫ్రాడ్?"

"ఎలక్ట్రీషియన్ గిన్నెలకి ఇస్త్రీ సెయ్యడమేటి? అదీ సల్ల ఇస్త్రీ! బెర్తు మీద!"

బావ కాగితం తీసుకుని చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత నేను వేలు పెట్టి చూపిస్తుంటే నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నాలుగు రోజుల్లో నవ్వని నవ్వంతా ఒకేసారి వచ్చింది. గోడకి చేరబడిపోయాడు.

"వెసల్ అంటే ఓడే, పిచ్చిమొకమా! బెర్త్ అంటే ఓడ నిలబడే జాగా!"

నాన్న మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏటి? ఏటయ్యింది?" అన్నాడు.

"గిన్నెలకి ఇస్త్రీ, మావా!" అని అరిచాడు బావ.

"ఇస్త్రీ పెట్టి పాడయిపోనాదా?" అన్నాడు నాన్న.

బావ కళ్ళు తుడుచుకుని నాకు విడమరిచి చెప్పాడు. "సూడు, ఓడ రేవులో రెండ్రోజులు, మూడ్రోజులు నిలబడతాది. నిలబడినా లోపల లైట్లు, పంపులు, ఫ్రిజ్జులు ఆగవు కదా. ఆటి కోసం ఓడలో డీజిల్ ఇంజిన్లు అలగే తిరుగుతా ఉంటాయి. మన షెడ్డులోవి దాని ముందు పిల్లలు. ఆ పొగంతా పోర్టులో పనోళ్ళ మీదికి, పక్కనున్న ఇళ్ళ మీదికి. ఇప్పుడేటి సేత్తన్నారంటే, ఒడ్డు మీంచి లావు కేబుల్ ఏసి ఓడకి గుచ్చుతారు. ఒడ్డు కరెంటు వచ్చీగానే ఓడ ఇంజిన్లు ఆపీడమే. పెళ్ళిలో కరెంటు రాగానే జనరేటర్ ఆపీరా? అదే ఇది. ఇంజిన్ ఆగితే ఇనుము సల్లబడిపోతాది, అందుకే పూర్వం ఓడలోళ్ళు సల్ల ఇనుము అనీవోరంట."

మాది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, ఇక్కడ ఇనుమంటే ఎప్పుడూ వేడిదే. చల్లబడిందంటే నష్టం వచ్చిందని అర్థం. చల్లబరచడానికి కూడా మనుషుల్ని పెట్టుకుంటారా అనుకున్నాను.

"మరి గ్రీన్ హౌస్?"

"డీజిల్ మండితే వచ్చే గ్యాసు. భూమి సుట్టూ దుప్పటిలాగ కప్పీసి వేడి పెంచీత్తాదంట. అది తగ్గాలని."

"మరి ఒడ్డు మీద కరెంటు ఎక్కణ్ణుంచి వత్తాది?"

"లైన్లోంచి."

"లైన్‌కి?"

"బొగ్గు లోంచే, సానా మటుకు."

"ఆ బొగ్గు మనవైపు నుంచేగా ఎల్తాది? అయితే ఓడ దగ్గర ఆగిన పొగ మనవైపే లేత్తాదా? పొగ పోయినట్టా, సోటు మారినట్టా?"

బావ తల గోక్కున్నాడు. "కొంత సోటు మారినట్టే. గాని బొగ్గు కాల్చే కాడ పెద్ద పొగగొట్టం ఒకటైతే దానికి జల్లెడలు పెట్టొచ్చు. ఎండ కరెంటు కూడా కలుపుతన్నారంట. ఓడోడకీ ఎంట పడగలమేటి?"

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఇప్పటికీ అంతే. కానీ అప్పుడు నన్ను కుదిపేసింది వేరే మాట. ఇంజిన్లు ఆపడం. ఆపితే చప్పుడు ఉండదు కదా!

"మరి ఫోన్‌లో అతను షోర్ అన్నాడే?" అన్నాను. "షోర్ పవర్, షోర్ పవర్ అని ఒకటే..."

"షోర్ అంటే ఇంగ్లీషులో ఒడ్డే," అని నవ్వుతూ అన్న బావ అక్కడ ఆగాడు. "ఏ ఫోన్‌లో?"

నేను సంచిలోంచి కాపీలు తీసి సర్దడం మొదలుపెట్టాను.

"ఎవురన్నాడే, ఏ ఫోన్‌లో?"

మొత్తం చెప్పేశాను. స్నానం, పదకొండు వేలు, నాన్న దూది, నంబరు తీసెయ్యడం, అన్నీ. ఏడుస్తూ చెప్పానో, అరుస్తూ చెప్పానో గుర్తులేదు. తిడతాడనుకున్నాను. బావ మంచం అంచు మీద కూర్చున్నాడు. మా ఇంట్లో ఎవరూ మాట్లాడనంత చిన్న గొంతుతో అన్నాడు:

"అయితే ఆ రోజు ఫోన్ మోగింది."

"మోగింది బావా."

"నా సెవులు బాగానే ఇన్నాయి."

ఐదు రోజులు ఆ మనిషి తన చెవులు పోయాయనుకుంటూ తిరిగాడు. అతని చెవుల్ని కాపాడదామని నేనే అతనికి చెవులు లేకుండా చేశాను. ఈ ముక్క తలచుకుంటే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది.

మర్నాడు స్కూటర్ మీద ఇద్దరం బిష్టుపూర్‌లో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. నేనే మాట్లాడతానని పట్టుబట్టాను, పాడుచేసింది నేనే కాబట్టి. సూపర్‌వైజర్ నా గొంతు వినగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆప్ వో కాన్‌వాలీ భాభీ హై?" అన్నాడు. చెవుల వదిన మీరేనా అని.

నేనేనన్నాను. అతను పేర్ల కాగితం తీసి చూపించాడు. బావ పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో 'కాన్ ఖరాబ్' అని రాసి ఉంది. నేను చెప్పిన మాటే. ఇంట్లో ఎవరి చెవులో అతనికేం తెలుసు, వచ్చే మనిషివేననుకున్నాడు. చోటు ఇంకా ఖాళీగానే ఉందట. కానీ రేవులో క్రేన్ల హారన్ వినపడని మనిషిని పంపలేమన్నాడు. శనివారం లోపల చెవుల పరీక్ష చేయించి కాగితం తెస్తే పేరు ఉంటుంది, లేకపోతే కొట్టేస్తాడు.

బయటికొచ్చి స్కూటర్ దగ్గర నిలబడ్డాం. బావ తాళం పెట్టలేదు. "టీవీ సౌండు నీకు నిజంగానే ఎక్కువనిపిస్తందా?" అని అడిగాడు. నేను అవునన్నాను. అబద్ధాలు ఆ వారానికి చాలు.

చెవుల పరీక్ష చేసే చోట ఒక అద్దాల గది ఉంది. బావని అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి తలుపు వేసేశారు. బీప్ వినపడినప్పుడల్లా వేలెత్తాలి. నేను అద్దం ఇవతల కుర్చీలో కూర్చున్నాను. నాకు బీపులు వినపడవు, అతని వేలు మాత్రం కనిపిస్తుంది.

వేలు లేచింది. మళ్ళీ లేచింది. తర్వాత లేవలేదు. బీప్ రాలేదా? వచ్చినా వినపడలేదా? నాకెలా తెలుస్తుంది? పరీక్ష చేసే అమ్మాయి ముఖం చూస్తే అందులో ఏమీ లేదు. మళ్ళీ వేలు లేచింది. మళ్ళీ చాలాసేపు లేవలేదు. బావ కళ్ళు మూసుకుని, నుదురు ముడేసుకుని, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు కూర్చున్నాడు. నేను నా కుర్చీలో ఉత్తినే వేలెత్తుతున్నాను. పక్కనున్న ముసలాయన నన్ను విచిత్రంగా చూశాడు.

కుడి చెవి బాగుంది. ఎడమ చెవి కొంచెం తగ్గింది. పనికి ఫరవాలేదని రాసిచ్చి, ఇక జనరేటర్ల దగ్గర ఉండొద్దని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు ఆ ఫోన్ పెట్టీకపోతే ఈ సంగతి తెలిసీదే కాదు," అన్నాడు. అది మెచ్చుకోవడమో, ఎత్తిపొడుపో ఇప్పటికీ నాకు తెలీదు. అడిగితే నవ్వుతాడు.

బావ వెళ్ళాక ఇంట్లో టీవీ సౌండు తగ్గలేదు, నాన్న ఉన్నాడు కదా. ఒక మధ్యాహ్నం నేను షాపుకి సెలవు పెట్టి నాన్నతో కలిసి అప్పడాలు ఎండబెడుతుంటే బావ ఫోన్ చేశాడు.

"ఇదిగో, ఓడ వచ్చింది. కేబుల్ గుచ్చుతన్నాం. ఇను."

వెనకాల ధడధడధడమని ఒకటే మోత. షెడ్డు మోతే, ఇంకా లావుగా. బావ అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను. ఎవరో హిందీలో అంకెలు లెక్కపెడుతున్నారు. ఇంతలో ఉన్నట్టుండి అంతా పోయింది. ఫోన్ కట్టయింది.

"హలో? బావా? హలో! నెట్‌వర్క్ పోయినట్టుంది నాన్నా. హలో!"

"అరవకే," అన్నాడు బావ, చెవి పక్కనే ఉన్నట్టు. "లైన్‌లోనే ఉన్నాను. ఇంజిన్ ఆపీసారు."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఎక్కడో ఒక కాకి అరిచింది, అది అక్కడిదో ఇక్కడిదో తెలీలేదు. ఎవరో దగ్గారు. ఇంకేమీ లేదు. అక్కడ ఆగిన పొగలో కొంత మా వైపే ఎక్కడో లేస్తుంటుందని గుర్తొచ్చి ఆకాశం వైపు చూశాను. ఆకాశం రోజూలాగే ఉంది.

నాన్న చెయ్యి చాపాడు. "ఇలగియ్యి, నానూ ఇంటాను." ఫోన్ ఇచ్చాను. మంచి చెవి ఏదో వెతుక్కుని, దానికి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"ఏటీ ఇనపడదేటే?"

"మాకూ అంతే నాన్నా!" అని అరిచాను. "ఇప్పుడు మాకూ ఏటీ ఇనపడ్డం లేదు!"

నాన్న నన్ను నమ్మలేనట్టు చూసి, మళ్ళీ ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. లోపల్నుంచి బావ, "పని ఉంది, పెట్టీమంటావా?" అని అడగడం నాకు వినిపించింది.

ఫోన్ అలాగే కాసేపు ఉంచమన్నాను.